లొల్ల లాకుల దగ్గర దొరికిన అబద్ధం

ఈ ఆటలో పాచికలుండవు, గవ్వలుండవు, పండబోతున్న పావుని ఎవరో చంపేశారన్న ఏడుపులుండవు. బల్ల మీద ఒక ఊరి పటం, ఆ రోజు తారీఖుతో అచ్చేసిన వార్తాపత్రిక, ఊళ్ళోవాళ్ళ పేర్లూ చిరునామాలూ ఉన్న డైరెక్టరీ, ఒక కేసు పుస్తకం ఉంటాయి. ఎవరో చనిపోయి ఉంటారు, లేదా ఏదో పోయి ఉంటుంది. ముందు ఎవర్ని కలవాలి, ఏ వీధికి వెళ్ళాలి అన్నది ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. ఒకళ్ళు గెలవడం, ఇంకొకళ్ళు ఓడడం ఉండదు. ఇంటిల్లిపాదీ ఒకే పక్షం. అవతలి పక్షాన ఉన్నది ఆ కేసు రాసిన మనిషి.

మా ఇంటికి ఇది బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి సామాన్లలో వచ్చింది. పేరు 'షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్'. 1981లో అమెరికాలో వెలువడిన ఆట. దీని జర్మన్ రూపానికి 1985లో 'ష్పీల్ డెస్ యారెస్' వచ్చింది. జర్మనీలో ఏటా ఒక ఆటకి ఇచ్చే పెద్ద బహుమతి అది. పెట్టెలో పది కేసులు, కేసుకో పేపరు. నేను రాజమండ్రిలో హైస్కూలు సోషల్ టీచర్ని. పటాలన్నా పాత పేపర్లన్నా ఎలాగూ పిచ్చే. పిల్లల వేసవి సెలవుల్లో ఆ పెట్టె విప్పాం.

చచ్చిపోయినాయన జేబులో ఏదో చుట్టల దుకాణం చీటీ దొరికిందనుకోండి. డైరెక్టరీలో ఆ దుకాణం వెతికితే పక్కన 'వాయవ్యం 42' లాంటి గుర్తు ఉంటుంది. కేసు పుస్తకంలో ఆ గుర్తు దగ్గరికి వెళ్తే దుకాణదారు మాట్లాడతాడు. పనికొచ్చే ముక్క చెప్పొచ్చు, లేదా తన బేరాల గోడు వెళ్ళబోసుకోవచ్చు. ఏది ముక్కో ఏది గోడో మనమే పోల్చుకోవాలి. ఇక తేలిపోయిందనిపించినప్పుడు చివరి ప్రశ్నలకి జవాబులు రాసుకుని, తర్వాత హోమ్స్ ఎలా తేల్చాడో చదువుతాం. మార్కులు కూడా ఉన్నాయి. హోమ్స్‌కి ఎప్పుడూ నూరే. ఆయనకన్నా ఎక్కువ గుమ్మాలు తొక్కితే ఒక్కో గుమ్మానికి ఐదు మార్కులు కోత. ఆయనేమో నాలుగైదు గుమ్మాలతోనే కేసు మూసేస్తాడు. ఒక్కోసారి ఆ తర్కం వింటే, ఇది తెలివా లేక రాసినవాడు చెవిలో ఊదాడా అన్న అనుమానం వస్తుంది. మా వారికి ఈ కోతల పద్ధతి నచ్చింది. నాకు నచ్చలేదు. పేపర్లో ఆడవాళ్ళ టోపీల ప్రకటన చదవడానికి మార్కులు పోతాయని భయపడితే ఇక ఆ పేపరు అచ్చెయ్యడం దేనికి?

ఈ ఆటలో ధారావాహిక రుచి ఉన్నది కూడా ఆ పేపర్లలోనే. పాత కేసు పేపరు పారెయ్యకూడదు. తర్వాతి కేసుల్లో దాంతో పని పడొచ్చు. హోమ్స్ ఆటలోనే తర్వాత వచ్చిన ఒక పెట్టెలో మొదటి నాలుగు కేసులూ జాక్ ది రిప్పర్ హత్యల చుట్టూ వరసగా నడుస్తాయి. వారపత్రిక సీరియల్ కోసం పోస్టు కుర్రాడి సైకిల్ గంటకి చెవులు రిక్కించి పెరిగిన తరానికి ఈ ఎదురుచూపు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ రకం ఆట నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో డెనిస్ వీట్లీ అనే రచయిత, జె.జి. లింక్స్ ఆలోచన మీద 1936లో 'మర్డర్ ఆఫ్ మయామి' అని ఒక పుస్తకం తెచ్చాడు. నిజానికి అది పుస్తకం రూపంలో ఉన్న పోలీసు ఫైలు. లోపల నివేదికలు, ఫొటోలు, ఒక వెంట్రుక, కాల్చి పడేసిన అగ్గిపుల్ల, నెత్తుటి మరకున్న తెరగుడ్డ ముక్క. జవాబు చివర్లో సీలు వేసి ఉండేది. చదివేవాడి చేతికే సాక్ష్యం ఇచ్చేశాడన్నమాట. 1949లో వచ్చిన 'క్లూడో' అందరికీ తెలిసిందే గాని, అందులో హంతకుడు ముక్కలు కలిపితే తేలే లెక్క, కథ తక్కువ. ఈమధ్య వచ్చినవి రకరకాలు. 2016లో మొదలైన 'ఎగ్జిట్' ఆటల్లో కాగితాలు కత్తిరించాలి, మడవాలి, చింపాలి. అదే ఏడాది అమెరికాలో పుట్టిన 'హంట్ ఎ కిల్లర్' నెలకో పెట్టె చొప్పున సాక్ష్యాలు పోస్టులో పంపేది. 2018 నాటి 'క్రానికల్స్ ఆఫ్ క్రైమ్'లో ఫోన్‌తో క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తూ సాక్షుల్ని ప్రశ్నించాలి. ఫోన్ పక్కన పెట్టించడానికే ఆట తెచ్చుకున్న ఇంట్లో అది నిలబడలేదు.

మన దగ్గర పెట్టెల్లో లేకపోయినా ఈ రుచి ఉంది. రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి వేసుకున్న వాళ్ళమే అందరం. దొంగ చీటీ పడ్డవాడి పెదవి చివర వణికే నవ్వుని పట్టుకోవడమే అక్కడ పరిశోధన. కాస్త పెద్దయ్యాక అద్దె పుస్తకాల షాపు, అందులో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. కవిగా, సినిమా పాటల రచయితగా తెలిసిన ఆరుద్ర కూడా 'పలకల వెండి గ్లాసు' లాంటి డిటెక్టివ్ నవలలు రాశారు. అద్దె పుస్తకంతో ఒకటే ప్రాణసంకటం. ముందు చదివిన పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసి వెళ్ళేవాడు. ఈ ఆటలకీ అదే గండం. ఒకసారి జవాబు తెలిశాక ఆ కేసు మనకి చచ్చినట్టే. కాకపోతే హోమ్స్ పెట్టె ఇంకో ఇంటికి ఇచ్చెయ్యొచ్చు. ఎగ్జిట్ ఆడాక చిత్తుకాగితాలు మిగులుతాయి.

మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరు. లండన్ కేసు నడుస్తుంటే మా అత్తయ్యగారు మంచం మీద కూర్చుని చూసేవారు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు యుగంధర్ పుస్తకాలు నమిలి మింగిన పాఠకురాలు. పిల్లలు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, మధ్యలో వాదించుకుంటూ ఉంటే ఆవిడ వంతు వచ్చేసరికి సగం సంగతి జారిపోయేది. పైగా గుర్రబ్బండికి ఎంత కిరాయి, ఏ రేవు నుంచి ఏ ఓడ వెళ్తుంది అన్నది ఆవిడకే కాదు, మాకూ తెలీదు. ఊరు తెలియని చోట మనం క్లూని చూస్తాం, అబద్ధాన్ని వాసన పట్టలేం.

ఆవిడని ముందు బల్ల దగ్గరికి లాగింది 'మైక్రోమాక్రో'. 2020లో వచ్చింది, 2021లో ఆ జర్మన్ బహుమతి కొట్టింది. దాదాపు 75 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల పొడవున ఒక నగరం బొమ్మ, అంతా నలుపూ తెలుపూ గీతలే. ఒకే మనిషి ఆ బొమ్మలో నాలుగైదు చోట్ల కనిపిస్తాడు. శవం దగ్గర మొదలెట్టి, అతను అంతకుముందు ఎక్కడున్నాడు, ఎవరు వెంటపడ్డారు అని వీధులమ్మట వెనక్కి వెళ్ళాలి. చదవాల్సింది చీటీల మీద ఒకటి రెండు వాక్యాలే. పంచాంగం చూసే భూతద్దం తెచ్చుకుని ఆవిడ పిల్లలకన్నా ముందే హంతకుణ్ణి పట్టేసేవారు. పదహారు కేసులూ అయిపోయాక "ఇంకేదీ లేదా అమ్మాయ్?" అన్నారు.

లేదు కాబట్టి రాశాను. కాలం 1956 మే. స్థలం రాజమండ్రి. ధాన్యం వ్యాపారి ఇంట్లో ఇనప్పెట్టెలోంచి పొలం దస్తావేజు మాయమైంది. హత్య పెట్టలేదు. మా చిన్నాడు నొచ్చుకున్నాడు గాని, ఇంట్లో అందరూ కలిసి ఆడేదానికి శవం తప్పనిసరని నేననుకోను. నాలుగు భాగాలు, ఆదివారానికొకటి. టీ డికాక్షన్లో ముంచి ఎండబెట్టిన కాగితాల మీద వాంగ్మూలాలు, ఉత్తరాలు, కిరాణా పద్దు, నేను చేత్తో గీసిన గోదావరి డెల్టా పటం.

గుమాస్తా వాంగ్మూలం ఇది: దొంగతనం జరిగిన రాత్రి తను అమలాపురంలో రాదారి పడవెక్కాడు, లొల్ల లాకులు దాటి, తెల్లారేసరికి బొబ్బర్లంక చేరాడు, అక్కణ్ణించి ధవళేశ్వరం రేవు. పిల్లలు పటం మీద వేలు పెట్టి చూశారు. దారి సరిగ్గానే ఉంది. లొల్ల లాకులు వాళ్ళకి సినిమా పాటల్లో తెలిసినవే. గంటలు లెక్కేశారు, కుదిరాయి. గుమాస్తా పేరు కొట్టేద్దామని పెన్ను తీశారు.

"ఆగండ్రా. మే నెల్లో కాలవలు కట్టేస్తారు కదా, పడవెలా నడిచిందీ?" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ పుట్టిల్లు కోనసీమలో కాలవ గట్టు మీద. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచే ఈ కాలవలన్నీ. వాటి కింద ఇప్పుడు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఒకప్పుడు అవే మన రోడ్లు కూడా. కాకినాడలో పడవెక్కినవాడు కాలవల మీదే మద్రాసు దాకా పోగలిగేవాడు. ఎండాకాలం మరమ్మతులకి నీళ్ళు కట్టేసి మళ్ళీ జూన్లో వదులుతారు. ఇది ఏ డైరెక్టరీలోనూ రాయక్కర్లేదు, గట్టు మీద పుట్టినవాళ్ళకి ఒంట్లో ఉంటుంది. అయితే ఆట న్యాయంగా ఉండాలంటే బల్ల మీద కూడా ఉండాలి. అందుకని మొదటి ఆదివారం ఇచ్చిన పేపర్లో, పెళ్ళి ప్రకటన పక్కన, కాలవలు కట్టేసే తేదీ గురించి రెండు లైన్లు వేశాను. ఎవరూ చదవలేదు. అత్తయ్యగారు అనగానే అందరూ ఆ పేపరు మీద పడ్డారు.

రెండో అబద్ధం డ్రైవరుది. కొవ్వూరు నుంచి రాత్రికి రాత్రే కారులో వంతెన దాటి వచ్చేశానంటాడు. రోజూ రోడ్డు వంతెన మీద అటూ ఇటూ తిరిగే పిల్లలకి అందులో తేడా కనపడదు. 1956లో అక్కడున్నది 1900 నాటి హేవలాక్ వంతెన ఒక్కటే, దాని మీద రైలు తప్ప కారు నడవదు. రైలు కింద, రోడ్డు పైన ఉన్న వంతెన వచ్చింది 1974లో. అప్పటిదాకా కారు గోదారి దాటాలంటే పంటు ఎక్కించాలి. రాత్రిపూట ఏ పంటు ఉంది? దీన్ని పట్టింది మా వారు, అదీ కాఫీ తాగుతూ తాపీగా.

నాకు ముచ్చటైనది మూడోది. నాలుగో భాగంలో కథ 1958కి వస్తుంది. కోర్టులో వ్యాపారి మేనల్లుడు ఒక రసీదు దాఖలు చేస్తాడు. తారీఖు 1956 మే, సొమ్ము పన్నెండు రూపాయల యాభై నయాపైసలు. నయాపైసలు చెలామణీలోకి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు రూపాయికి పదహారణాలు, బేడ, పావలా, అర్ధణా. మొదటి ఆదివారం ఇచ్చిన కిరాణా పద్దులో లెక్కంతా అణాల్లోనే రాశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది మా పెద్దమ్మాయి. నేను తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పిన దశాంశ నాణేల పాఠం ఏ పిల్లకీ ఇంత గట్టిగా ఎక్కలేదు.

ముగ్గురూ అబద్ధమాడారు, దొంగ ఒక్కడే. ఎవరన్నది చెప్పను. మా తోటి టీచర్లు ఇద్దరు కాగితాలు తీసుకెళ్ళారు, వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా నడుస్తోంది.

రాయాలనుకునేవాళ్ళకి నాకు తెలిసినంతలో ఒక మాట. జవాబు ముందు రాసుకుని వెనక్కి రండి. అసలు నిజానికి ఒకే దారి పెట్టకండి. ఒక కాగితం అర్థం కాకపోతే ఆట అక్కడే కూలబడుతుంది. ఒకే సంగతి రెండు మూడు చోట్ల రెండు మూడు రకాలుగా దొరకాలి. వెన్నెల, చీకటి సంగతులు కావాలంటే పాత పంచాంగం దగ్గర పెట్టుకోండి. గొల్లపూడి వీరాస్వామి సన్ వాళ్ళ లాంటి పుస్తకాల కొట్లున్న రాజమండ్రిలో పంచాంగానికి కరువేముంది? అమావాస్య రాత్రి 'వెన్నెల్లో మొహం చూశాను' అన్న సాక్షి ఎప్పటికీ పాతబడడు. ఇంకా, ఆడేటప్పుడు జంతికలు పెట్టకండి. నూనె చేతులు సాక్ష్యాల మీద పడితే ఆ మరక కూడా క్లూ అనుకుని మా చిన్నాడు అరగంట తిన్నాడు. మరమరాలు మేలు.

రెండో కేసు అత్తయ్యగారూ చిన్నాడూ కలిసి రాస్తున్నారు. నరసాపురం రేవు, లేసుల వ్యాపారం, పోటూ పాటూ లెక్క తప్పిన ఒక పడవ అన్నంతవరకు గోడ అవతల్నించి విన్నాను. నన్ను గదిలోకి రానివ్వడం లేదు. పంచాంగం మాత్రం పట్టుకుపోయారు.