సీటు వచ్చింది, ఫీజు గడువు సాయంత్రం ఐదింటికి

2024 జూన్ 24. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో దినసరి కూలీ కొడుకు ఒకడు ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు సంపాదించాడు. సీటు నిలబెట్టుకోవాలంటే ఆ సాయంత్రం ఐదు గంటలలోగా 17,500 రూపాయలు కట్టాలి. తండ్రి రోజు సంపాదన 450 రూపాయలని తర్వాత కోర్టులో చెప్పారు. అంటే తిండి, అద్దె, మందులు ఏవీ లేకుండా లెక్క వేసినా 39 రోజుల కూలి. ఊళ్లోవాళ్లు తలాకొంత వేసి గడువు ముగియబోయే వేళకు డబ్బు సర్దారు. ఆన్‌లైన్‌లో వివరాలు నింపేలోపే ఐదు కొట్టింది, పోర్టల్ మూసుకుపోయింది.

ఆ దళిత విద్యార్థి ఎస్సీ కమిషన్ తలుపు తట్టాడు. అటు జార్ఖండ్, ఇటు మద్రాసు తిరిగి చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. సెప్టెంబర్ 30న కోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తన విశేషాధికారాన్ని వాడి, అతన్ని అదే బ్యాచ్‌లో చేర్చుకోమని ఆదేశించింది. ఇంకెవరి సీటూ పోకుండా అదనపు సీటు సృష్టించమంది.

ఇలాంటి కేసు ఇదే మొదటిది కాదు. 2021లో బొంబాయి ఐఐటీలో సీటు వచ్చిన మరో దళిత విద్యార్థి చేతిలో డబ్బుంది. కార్డుతో పలుమార్లు ప్రయత్నించినా చెల్లింపు పూర్తి కాలేదు. ఆ ఏడాది ప్రవేశాలు చూస్తున్న ఖరగ్‌పూర్ ఐఐటీకి రైలెక్కి వెళ్లి అడిగినా లాభం లేకపోయింది. నవంబర్ 22న అతనికీ సుప్రీంకోర్టే సీటు ఇప్పించింది. ‘సర్వర్ బిజీ’ అన్న మాట మన ఇళ్లలో రోజూ వినేదే. దానివల్ల ఒక చదువు ఆగిపోవచ్చని మనం ఎన్నడైనా అనుకున్నామా?

కోర్టు దాకా వెళ్లగలిగినవాళ్లు వీళ్లిద్దరు. వెళ్లలేక ఆ ఏడాదికి ఊరుకున్నవాళ్ల లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఉన్న లెక్కలు చూద్దాం. 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో ఎందరు నమోదయ్యారో చెప్పే నిష్పత్తిని కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకటిస్తుంది. 2021–22లో అది దేశం మొత్తానికి 28.4. ఎస్సీల్లో 25.9, ఎస్టీల్లో 21.2. అమ్మాయిలది 28.5, అంటే సగటుకు కాస్త పైనే. కానీ ఏ కోర్సులో చేరారన్నది వేరే ప్రశ్న. ఐఐటీల బీటెక్‌లో అమ్మాయిలు పది శాతం కూడా లేకపోతే, 2018 నుంచి వాళ్లకోసం అదనపు సీట్లు పెట్టారు. రెండు మూడేళ్లలో వాటా 20 శాతానికి చేరింది. అబ్బాయిల సీట్లు తగ్గలేదు. ఈ సంగతి తెలియక ఇంట్లో వాదించుకునేవాళ్లను చాలామందిని చూశాను.

రిజర్వేషన్ల చరిత్ర ఇక్కడ విప్పబోను. 1951లో మొదటి రాజ్యాంగ సవరణతో మొదలైన ఆ దారి సీటు వరకూ తీసుకెళ్తుంది. సీటు కాగితానికీ తరగతి గదికీ మధ్య ఉన్న చిన్న కాలువను దాటించడం వేరే పని. అందులో మన బ్యాంకు పాత్ర పెద్దది.

ఆ కాలువను మరో చోట దాటించిన ప్రయత్నం మన దగ్గరే ఉంది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు ఇంటర్ కోచింగ్ అనే ఖరీదైన మెట్టునే తీసేశాయి. పదో తరగతి మార్కులతో నేరుగా ఆరేళ్ల చదువు: రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు బీటెక్, హాస్టల్ అక్కడే. ప్రభుత్వ బడి పిల్లలకు వెనుకబాటును లెక్కలోకి తీసుకుని కొంత స్కోరు కలుపుతారు. భోజనాల గురించీ అధ్యాపకుల కొరత గురించీ అక్కడి పిల్లలు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి, నిజమే. అయినా పదో తరగతి దగ్గరే తలుపు తెరవాలన్న ఆలోచన సరైనదని నా అభిప్రాయం. ఇంటర్ దాటాక తెరిచే తలుపు దగ్గరికి చాలామంది చేరనే చేరరు.

ఇక అప్పు సంగతి. ‘మా స్థాయికి బ్యాంకు అప్పిస్తుందా’ అన్నదే పేద తల్లిదండ్రుల మొదటి భయం. తనఖా పెట్టడానికి పొలం లేదు, హామీ ఇచ్చే ఉద్యోగి బంధువు లేడు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఈ భయానికే జవాబు. జాతీయ ర్యాంకింగుల్లో ముందున్న సంస్థల్లో, కేంద్ర ప్రభుత్వ విద్యాసంస్థల్లో ప్రతిభ మీద సీటు వస్తే తనఖా, హామీదారు లేకుండా రుణం. మొదటి జాబితాలో 860 సంస్థలున్నాయి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఇది వర్తించదు. ఏడున్నర లక్షల వరకు రుణానికి ప్రభుత్వం 75 శాతం గ్యారంటీ ఇస్తుంది కాబట్టి బ్రాంచి మేనేజరుకూ ధైర్యం.

వడ్డీ రాయితీ దగ్గరే ఎక్కువ తికమక. కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షల లోపైతే, వృత్తివిద్య, సాంకేతిక కోర్సులకు మారటోరియం కాలంలో, అంటే చదువుకునే కాలమూ ఆ తర్వాత ఒక ఏడాదీ, వడ్డీ పూర్తిగా ప్రభుత్వమే భరిస్తుంది. ఎనిమిది లక్షల వరకు ఆదాయమున్నవారికి, పది లక్షల లోపు రుణం మీద మూడు శాతం రాయితీ. ఇది ఏడాదికి లక్షమందికి. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో అందుకుంటున్నవారికి ఈ మూడు శాతం దొరకదు. ఈ చివరి మాట దరఖాస్తు రోజే చెప్పాలి, లేకపోతే తర్వాత గొడవ.

రాయితీ విలువ అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. నాలుగేళ్ల కోర్సుకు ఏడాది మొదట్లో లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్నారనుకుందాం. వడ్డీ 9 శాతం, సాధారణ వడ్డీ. మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండోదాని మీద నాలుగు, మూడోదాని మీద మూడు, నాలుగోదాని మీద రెండేళ్లు వడ్డీ పడుతుంది. మొత్తం 1,26,000 రూపాయలు. మూడు శాతం రాయితీ వస్తే అది 84,000. పూర్తి రాయితీ వస్తే సున్నా, పిల్లవాడు ఉద్యోగంలో చేరేనాటికి కట్టాల్సింది తీసుకున్న నాలుగు లక్షలే. కూలీ ఇంట్లో ఒక పెళ్లి ఖర్చంత తేడా ఇది.

ఐఐటీ పిల్లలకు ఇంకో వెసులుబాటు 2016 నుంచి ఉంది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తి మాఫీ. లక్ష లోపు ఆదాయమున్న ఏ కుటుంబానికైనా అంతే. లక్ష నుంచి ఐదు లక్షల దాకా మూడింట రెండొంతుల మాఫీ. విచిత్రమేమిటంటే ఈ మాఫీ ఉన్నవాళ్లకూ సీటు ఖాయం చేసుకునే తొలి మొత్తం గడువులోగా చేతిలో ఉండాల్సిందే. ధన్‌బాద్ కుర్రవాడు తడబడింది అక్కడే. విద్యారుణం నాలుగు రోజుల్లో చేతికి రాదు. పదిహేను రోజుల నుంచి నెల పట్టే పని అది. కాబట్టి ఆ తొలి మొత్తాన్ని రుణంతో ముడిపెట్టకుండా వేరుగా సిద్ధం చేసుకోవాలి. ఇల్లు కట్టేవాడు ఇసుక ముందే తోలించుకున్నట్టు.

మన అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురో, ఇంట్లో పనిచేసే అమ్మ కొడుకో ఈ ఏడాది జేఈఈ, ఈఏపీసెట్ రాసి ఉండొచ్చు. వాళ్లకు మనం కట్టగలిగినది ఫీజు ఒక్కటే కాదు. ఆ తల్లి పేరు మీదో పిల్లల పేరు మీదో ఖాతా చురుగ్గా ఉందా, కేవైసీ పూర్తయిందా, ఆధార్‌లో పేరూ పదో తరగతి మెమోలో పేరూ కలుస్తున్నాయా, ఏటీఎం కార్డుకు ఆన్‌లైన్ చెల్లింపు సౌకర్యం తెరిచి ఉందా, దాని రోజువారీ పరిమితి ఎంత? ఇవన్నీ పది నిమిషాల ప్రశ్నలు. పరిమితి పది వేలుంటే 17,500 కదలదు. అప్పటికప్పుడు పెంచడం మనకు చిటికెలో పని. సైబర్ కేఫ్‌లో కూర్చున్న పిల్లవాడికి అది కొండ.

ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి రావాలి. జూన్‌లో అందరూ ఒకేసారి పడతారు. కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు స్పెల్లింగు తేడా ఉంటే దిద్దించడానికి ఇంకా ఎక్కువ రోజులు. పాన్ లేని తల్లిదండ్రులకు పాన్ తీయించాలి. రుణ దరఖాస్తుకు సీటు కేటాయింపు లేఖ ఒక్కటే చివర్లో జతచేసేది. తక్కిన కాగితాలన్నీ మే నెలలోనే ఒక ఫైల్లో పెట్టించవచ్చు.