లెక్క ఎక్కడ తప్పిందని అడిగేదెవరు?

"మీ పిల్లలకు లెక్కలు తలకెక్కవు" అనే మాట స్టాఫ్ రూముల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. తెలుగు, సోషల్ అయితే బట్టీపట్టి గట్టెక్కుతారట, లెక్కలకూ సైన్సుకూ మాత్రం 'బుర్ర' కావాలట. ఈ బుర్ర సిద్ధాంతాన్ని కాసేపు పక్కనబెట్టి, పిల్లల నోటుబుక్కులో అసలేం జరుగుతున్నదో చూద్దామని మేమంటున్నాం.

ఆరో తరగతి పిల్ల 1/2 + 1/3 = 2/5 అని రాసిందనుకుందాం. నలభైమంది ఉన్న క్లాసులో సారు ఎర్రగీత కొట్టి పుస్తకం తిరిగిచ్చేస్తాడు. పీరియడు ముప్పావుగంటే, ఆయన్ని అని లాభం లేదు. పక్కన కూర్చొని చెప్పే మనిషికైతే "ఇది ఎట్లా వచ్చిందమ్మా?" అని అడిగే వీలుంది. పైవి పైవీ, కిందివి కిందివీ కలిపానంటుంది. అంటే ఆ పిల్లకు కూడిక వచ్చు. భిన్నమంటే ఒకదానిలో వంతు అన్న సంగతే అందలేదు. లవం, హారం, క.సా.గు. అని వల్లె వేయించినంత మాత్రాన అది అందదు. వాడలో మాంసం పోగులు పెట్టడం ఆ పిల్ల చూసే ఉంటుంది. మొత్తం ఆరు పోగులు, సగమంటే ఎన్ని? మూడు. మూడో వంతంటే? రెండు. కలిపితే ఆరింటిలో అయిదు. మరి నువ్వు రాసిన 2/5 సగానికన్నా తక్కువ కదా, సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా? ఇక్కడ పిల్ల తనంతట తానే ఆగుతుంది. (పోగుల మాట క్లాసులో ఎత్తడానికి ఎందరికి నోరొస్తుందన్నది వేరే చర్చ.)

సైన్సూ అంతే. బల్బు దాటాక కరెంటు కొంత ఖర్చయిపోతుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. పరీక్షలో నిర్వచనం తప్పు లేకుండా రాసినవాళ్లలోనూ ఆ నమ్మకం ఉంటుంది. ఒకే రకం బల్బులు రెండు వరుసగా కలిపి, రెండోది మసకగా వెలుగుతుందా చెప్పు అని ముందే అడగాలి. తర్వాత వెలిగించి చూపాలి. రెండూ సమానంగానే వెలుగుతాయి.

ఒక్కొక్కరికి విడిగా చెబితే ఎంత ఫలితమో 1984లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్ లెక్కగట్టాడు. అలా చదివిన సగటు విద్యార్థి, మామూలు క్లాసులోని 98 శాతం మందిని మించాడన్నాడు. తర్వాతి పరిశీలనల్లో అంత ఎక్కువ తేలలేదు, అయినా గట్టి ఫలితమే కనబడింది.

మన దేశంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే దళిత, అగ్రకుల బాలురకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు ఇద్దరూ దాదాపు సమానంగా చేశారు. కులం పేరు అందరిముందూ చదివాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. ఇది 2006లో అచ్చయింది. బుర్ర అదే, మారింది చుట్టూ ఉన్న చూపు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో అంబేద్కర్‌ను లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిస్తే, తోటి పిల్లలు దాని వెనక పెట్టుకున్న టిఫిన్ డబ్బాల కోసం పరుగెత్తారని ధనంజయ్ కీర్ రాశాడు. అంబేద్కర్‌కు ఇంట్లో చదివించడానికి సైనిక పాఠశాలలో పనిచేసిన తండ్రి ఉన్నాడు. కూలికి పోయివచ్చే తల్లిదండ్రుల పిల్లకు ఇంట్లో ఎవరున్నారు?

ఉన్నవాళ్లు 'ప్రైవేటు' కొనుక్కుంటారు. 2009 విద్యాహక్కు చట్టం టీచర్లు ప్రైవేట్లు చెప్పడాన్ని నిషేధించింది (28వ సెక్షన్). ఆ సంగతి అందరూ చెబుతారు. అదే చట్టంలోని 24వ సెక్షన్, ప్రతి పిల్ల నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడం టీచరు విధి అంటుంది. దీన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. మన సంఘాలు స్కాలర్‌షిప్పుల కోసం ధర్నాలు చేశాయి, ఈ అరగంట కోసం ఇంకా చేయాల్సే ఉంది.

చెప్పేదెవరంటే, వాడలో ఇంటర్ చదివిన అమ్మాయిలున్నారు. ముంబయి, వడోదరాల్లో బాలసఖి పథకం కింద స్థానిక యువతులే వెనకబడిన పిల్లలకు చిన్న గుంపులుగా చెప్పారు. పిల్లల మార్కులు పెరిగాయని 2007లో అచ్చయిన అధ్యయనంలో తేలింది. గుంపులో చెబితేనే అంత ఫలితం వచ్చింది. ఆ యువతులకు జీతం ఉండేది, చాలా తక్కువే అయినా. మన అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి దీన్ని 'సేవ' అని తేల్చేయకుండా, ఎస్సీ అభివృద్ధి నిధుల్లోంచి కూలికి తగ్గని జీతం అడగాలి.