ప్రథమ చికిత్స – ప్రయోగశాలలో తొలి నిమిషాలు

విజ్ఞానశాస్త్రం చదువుకున్న మనలో చాలామందికి ఆమ్లమేదో, క్షారమేదో తెలుసు. కాని ఆ ఆమ్లమే ఒంటిపై ఒలికిన క్షణంలో చేతులు ఏమి చేయాలో విశ్వవిద్యాలయ పట్టా నేర్పదు. ఆస్ట్రేలియాలో యజమానులు తమ ఖర్చుతో ఉద్యోగులకు ఇప్పించే ఉన్నతస్థాయి ప్రథమ చికిత్స శిక్షణ ఈ లోటును పూరిస్తుంది. దాని అవసరం ఎటువంటిదో ఒక యథార్థ సంఘటన ద్వారా పరిశీలిద్దాం.

1994లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఒక చిన్న ప్రయోగశాల ఉండేది. శిలలలో నిక్షిప్తమైన పురాతన పుప్పొడి రేణువులను వేరుచేయడానికి అక్కడ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వాడేవారు. శిలలోని సిలికాను కరిగించే శక్తి ఈ ఆమ్లానికి ఉంది. ఒకనాడు 70 శాతం గాఢత గల ఆ ఆమ్లం 37 ఏళ్ళ సాంకేతిక సహాయకుని తొడలపై ఒలికింది. కాలిన భాగం శరీర ఉపరితలంలో సుమారు 9 శాతం, అనగా ఒక చేయి వైశాల్యమంత మాత్రమే. ఆయన గొట్టం నీటితో కడుక్కొని, ఆవరణలోని ఈతకొలనులో దిగి అంబులెన్సు కోసం వేచి ఉన్నాడు. ఈ ఆమ్లానికి ప్రత్యేకంగా వాడవలసిన కాల్షియం గ్లూకోనేట్ లేపనం మాత్రం పూయడం జరగలేదు. వారం రోజులకు ఒక కాలు తొలగించవలసి వచ్చింది. పదిహేనవ రోజున ఆయన మరణించాడు.

నీటితో కడిగినా ప్రాణం ఎందుకు దక్కలేదు? హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటివి నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతాయి. అవి ముఖ్యంగా తాకినచోట చర్మాన్ని కాలుస్తాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రసాయనిక పరిభాషలో బలహీనామ్లం. విడిపోకుండా మిగిలిన దాని అణువులకు విద్యుదావేశం ఉండదు కనుక అవి చర్మంలోని కొవ్వు పొరలను సులభంగా దాటి లోపలికి చొచ్చుకుపోతాయి. అక్కడ విడుదలైన ఫ్లోరైడ్ అయాన్లు శరీరంలోని కాల్షియంతో కలిసి, కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారతాయి. కాల్షియం ఎముకలకు మాత్రమే అవసరమని అనుకోరాదు. గుండె లయబద్ధంగా కొట్టుకోవడానికి రక్తంలో కరిగి ఉన్న కాల్షియమే ఆధారం. అది తరిగిపోతే గుండె లయ తప్పుతుంది. ఆమ్లం గాఢత తక్కువైతే నొప్పి కొన్ని గంటల వరకు తెలియకపోవచ్చు. ప్రమాదం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ లేపనం చేసే పని ఇప్పుడు సులభంగా బోధపడుతుంది. అది తన కాల్షియాన్ని ఫ్లోరైడ్‌కు అర్పించి, శరీరపు కాల్షియాన్ని కాపాడుతుంది. తడిసిన దుస్తులు వెంటనే తీసివేయడం, ధారగా నీరు పోయడం, జాప్యం లేకుండా లేపనం పూయడం, 000కు ఫోను చేసి ఆమ్లం పేరు చెప్పడం – ఇదీ క్రమం. సహాయం చేసేవారు తమ చేతులకు తగిన తొడుగులు ధరించడం మరువరాదు.

ఈ క్రమాన్ని చదివి తెలుసుకోవడం ఒకటి, చేతికి అలవాటు చేసుకోవడం మరొకటి. 2011లో రూపొందిన మాదిరి కార్యస్థల భద్రతా చట్టాన్ని విక్టోరియా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ అనుసరిస్తున్నాయి; విక్టోరియాకు తన సొంత చట్టం ఉంది. ప్రథమ చికిత్సకు ఏర్పాట్లు చేయడం యజమాని బాధ్యత. మాదిరి చట్టం ప్రకారం భద్రతా చర్యల ఖర్చును ఉద్యోగుల నుండి వసూలు చేయరాదు. కనుక శిక్షణ రుసుము చెల్లించడం యజమాని ఔదార్యం కాదు, విధి. ప్రమాదావకాశం ఎక్కువగా ఉన్న చోట ప్రతి 25 మందికి ఒక ప్రథమ చికిత్సకుడు ఉండాలని మార్గదర్శక నియమావళి సూచిస్తుంది. ఉన్నతస్థాయి శిక్షణలో, పలువురు ఒకేసారి గాయపడినప్పుడు ఎవరిని ముందు చూడాలో, తోటివారికి పనులు ఎలా అప్పగించాలో కూడా నేర్పుతారు. అర్హతను మూడేళ్ళకొకసారి, గుండె పునరుజ్జీవన శిక్షణను ఏటేటా పునరుద్ధరించుకోవాలి. సాధన లేని చేయి త్వరలోనే మరచిపోతుంది.

ఈ విద్య కార్యాలయ ద్వారం దగ్గర ఆగిపోదు. పోపు పెడుతుండగా నూనె చేతిపై చిందితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ఐసు, వెన్న, పసుపు, పళ్ళపేస్టు పూయరాదు. పిల్లలు ఏదైనా రసాయనం మింగితే 13 11 26కు ఫోను చేసి విషసమాచార కేంద్రం సలహా పొందవచ్చు. మనలను చూడవచ్చిన తల్లిదండ్రులలో ఒకరు స్పృహ తప్పి, సహజంగా శ్వాస తీయకపోతే, 000కు ఫోను చేసి ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుండి 120 సార్ల వేగంతో, ఛాతీ లోతులో మూడవ వంతు వరకు నొక్కాలి. ప్రతి 30 నొక్కులకు రెండుసార్లు శ్వాస అందించాలి. డీఫిబ్రిలేటర్ యంత్రం దొరికితే వెంటనే అమర్చాలి. ఏ సహాయమూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది.

స్వదేశానికి వెళ్ళినప్పుడు పిలవవలసిన నంబరు 108. ఆ సేవ 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. దేశమేదైనా, అంబులెన్సు చేరేలోపు గడిచే నిమిషాలు దగ్గరున్నవారి చేతిలోనివే. అందువలన మీ కార్యాలయంలో ఈ శిక్షణకు పేర్లు అడిగినప్పుడు, పని ఒత్తిడి చెప్పి తప్పించుకోక, ముందుగా మీ పేరు ఇవ్వవలసినదిగా మనవి. ప్రయోగశాలలో పనిచేసేవారు మరొక పని కూడా చేయాలి. మీరు వాడే రసాయనాలకు తగిన విరుగుడు ఏ అలమారలో ఉన్నదో, దాని గడువు ఎప్పటివరకో రేపే వెళ్ళి చూడండి.