వేటగాడి చూపుకూ ఓ హద్దు
శత్రువు జాడను ఎంత కచ్చితంగా పసిగట్టవచ్చు? జవాబు అప్పటి కలకత్తాలో ఓ తెలుగు యువకుడిది

సముద్రగర్భంలో ఒక జలాంతర్గామి మరో దాన్ని వెంటాడుతోంది. వేటాడేది సోనార్‌తో శబ్ద తరంగాలు వదిలితే తన ఉనికే బయటపడుతుంది. అందుకే చప్పుడు చేయకుండా వింటుంది. శత్రువు శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. ఎంత దూరం నుంచో తెలియదు.

ఇలాంటి వేటలు గణితవేత్తలకు పాత సరదానే. గుండ్రటి గోదాలో సింహం, మనిషి సమాన వేగంతో పరుగెడితే మనిషి ఎప్పటికీ చిక్కకుండా ఉండగలడని బెసికోవిచ్ రుజువు చేశారు. లిటిల్‌వుడ్ 1953లో దాన్ని తన పుస్తకంలో వివరించారు. అదే దశకంలో అమెరికాలోని రాండ్ సంస్థలో రూఫస్ ఐజాక్స్ ఇలాంటి వేటలకు ఏకంగా ఓ సిద్ధాంతాన్నే నిర్మించారు. అయితే గోదాలో ఇద్దరికీ అంతా కనిపిస్తుంది. అసలు చిక్కు కనిపించనప్పుడే.

ఆ చిక్కుకు కొలబద్ద అప్పటికే కలకత్తాలో తయారైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చదివిన సి.ఆర్. రావు సైన్యంలో ఉద్యోగం కోసం ఆ నగరానికి వెళ్లారు. అది దక్కలేదు. 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1944లో ఆయన పాఠం చెబుతుండగా, భారీ నమూనాలకు ఫిషర్ చూపిన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని ఓ విద్యార్థి అడిగాడు. రాత్రంతా కూర్చుని రావు రుజువు సాధించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. 1945లో అది కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. స్వీడన్‌కు చెందిన క్రామెర్ విడిగా ఇదే చేరుకోవడంతో క్రామెర్-రావు హద్దుగా పేరుపడింది. (ఫ్రాన్స్‌లో ఫ్రెషే 1943లోనే దీన్ని చెప్పినా పేరులో చోటు దక్కలేదు.)

సారాంశం కటువైనదే. కొలతల్లో పొరపాట్లు ఉన్నప్పుడు, ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో తేడా ఒక స్థాయి కంటే తగ్గదు. ఆ స్థాయిని నిర్ణయించేది కొలతల్లో ఉన్న సమాచారమే.

దీన్ని జలాంతర్గామికి వర్తింపజేస్తే విచిత్రమైన సంగతి తేలుతుంది. రెండూ నిలకడైన వేగంతో తిన్నగా సాగుతుంటే దూరం అంచనాకు ఈ హద్దు అనంతమవుతుంది. దగ్గర్లో నెమ్మదిగా పోయేదీ, దూరాన వేగంగా పోయేదీ ఒకే దిక్కుల వరుసను చూపగలవు మరి. హుగ్లీ మీద పొగమంచులో లాంచీ కూత విన్నవారికి ఈ తికమక కొత్త కాదు. గంటలకొద్దీ విన్నా, ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా దూరం తేలదు.

వేటగాడు దారి మళ్లాల్సిందే. మలుపు తిరిగితే దూరం బయటపడుతుంది. కానీ మళ్లిన ప్రతిసారీ సమయం పోతుంది. ఆలోగా ఎర జారుకోవచ్చు. తిన్నగా వెళ్తే అసలెక్కడికి వెళ్తున్నాడో తెలియదు. ఎప్పుడు, ఎంత మళ్లాలన్నదే ఇక్కడ ఆట.

1945 నాటి ఆ వ్యాసానికే 2023లో రావును అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వరించింది. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన అమెరికాలో కన్నుమూశారు. రాడార్, సోనార్ ఇంజనీర్లకు మాత్రం ఆ హద్దు నిత్యావసరం. కొత్త ప్రోగ్రాం దాన్ని మించిన కచ్చితత్వం చూపిస్తే వారు సంబరపడరు. తప్పు ఎక్కడుందోనని వెతకడం మొదలుపెడతారు.