నిద్ర పట్టకపోతే మనసునూ చూడాలి

విశాఖలో పోర్టు, స్టీల్‌ప్లాంటు రాత్రంతా నడుస్తాయి. మన రుషికొండ ఐటీ కంపెనీల్లోనూ రాత్రి డ్యూటీలున్నాయి. ఒంట్లోని గడియారం మాత్రం వెలుతురును బట్టి నడుస్తుంది. అది ఎలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. వేళలు తరచూ మారితే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మనసూ కుంగుతుంది.

డిప్రెషన్‌లో చాలామందికి తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. కొందరు అతిగా నిద్రపోతారు. బైపోలార్ జబ్బులో ఉద్రేకం హెచ్చినప్పుడు రెండు మూడు గంటలు పడుకున్నా అలసటే ఉండదు. రంజాన్‌లో సహరీకి లేవడం వల్ల నిద్ర తగ్గడం వేరు. అయితే ఈ జబ్బులకు మందులు వాడేవారు ఉపవాసాలకు ముందే డాక్టరును అడగాలి.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే వైద్యం అవసరం. దాన్ని బద్ధకమనో, గాలి సోకిందనో, ఈమాన్ తగ్గిందనో అనకూడదు. సొంతంగా నిద్రమాత్రలు కొని మింగకూడదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మేం చూసినంతలో, పేదలు వైద్యం మధ్యలో మానేసేది దారిఖర్చులకు, పోయే ఒక రోజు కూలికి భయపడి. దాతలారా, ఆ ఖర్చు భరించడమూ సదఖాయే.