చెల్లని ఓటు – మరల లెక్కింపు

ఎన్నికలలో ఆధిక్యం వేలలో ఉన్నపుడు పది ఓట్లు చెల్లకపోయినను ఫలితం మారదు. అది వందలకు, పదులకు దిగినపుడు మాత్రం ప్రతి ఓటును గురించియు వివాదం పుట్టును. ఈ అనుభవం మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 2018 డిసెంబరులో జరిగిన శాసనసభ ఎన్నికలలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని ఆసిఫాబాద్ నుండి ఆత్రం సక్కు 171 ఓట్ల ఆధిక్యంతోను, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ధర్మపురి నుండి కొప్పుల ఈశ్వర్ 441 ఓట్ల ఆధిక్యంతోను గెలుపొందిరి. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానమైతే కేవలం 9 ఓట్ల తేడాతో తేలినది.

ఏ ఓటు చెల్లును? ఏది చెల్లదు? 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళి ప్రకారం, ముద్ర లేని ఓటు, ఇద్దరు అభ్యర్థులకు ముద్ర వేసిన ఓటు, ఓటరు ఎవరో తెలియునట్లు గుర్తు పెట్టిన ఓటు చెల్లవు. ముద్ర అస్పష్టంగా ఉన్నను, ఒకటికి మించి పడినను, అది ఎవరికి వేసినదో స్పష్టమైనచో ఆ ఓటును తిరస్కరింపరాదు. అనగా చట్టం ఓటరు ఉద్దేశమును మన్నించును. కాని రహస్యమును భంగపరచు గుర్తును మన్నించదు. గుర్తు పెట్టుటకు వీలున్నచో, కొన్న ఓటును సరిచూచుకొనుట సులభమగును గదా!

నేడు యంత్రములు వచ్చుటచే ఈ తగవు చాలవరకు పోస్టల్ ఓట్లకు పరిమితమైనది. యంత్రములోని అంకెకును, వీవీప్యాట్ చీటీల లెక్కకును భేదం వచ్చినచో చీటీల లెక్కయే చెల్లును.

మరల లెక్కింపుమని కోరుటకు అవకాశం స్వల్పం. మొత్తములు ప్రకటించిన పిదప రిటర్నింగ్ అధికారి ఒకటి రెండు నిమిషములు ఆగవలెను. అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని కారణములు చూపి లిఖితపూర్వకంగా కోరవలెను. అధికారి అంగీకరింపవచ్చును, కారణం సహేతుకం కానిచో నిరాకరింపవచ్చును. ఏదైనను తన నిర్ణయమును కారణసహితంగా వ్రాయవలెను. ఫలిత పత్రంపై సంతకమైన పిమ్మట ఈ దారి మూతపడును. ఓట్లు సమానమైనచో చీటీ వేసి తేల్చుదురు.

తరువాత మిగిలినది హైకోర్టు. 45 దినములలో పిటిషన్ వేయవలెను. కేవలం ఆధిక్యం తక్కువగా ఉన్నదన్న కారణంచే న్యాయస్థానం ఓట్లు తెరిపించదు. ఎచ్చట, ఏ పొరపాటు జరిగినదో చూపవలెను. విచారణను 6 నెలలలో ముగించుటకు యత్నింపవలెనని చట్టం చెప్పుచున్నది. ఆచరణలో ఏమగునో ధర్మపురి చూపినది. లెక్కింపులో అక్రమములు జరిగినవని ఓడిన అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టును ఆశ్రయించెను. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశానుసారం స్ట్రాంగ్ రూము తెరువబోగా తాళంచెవులు కనబడలేదు. తుదకు తాళములు పగులగొట్టవలసి వచ్చినది. అప్పటికి నాలుగేండ్లు గడచినవి. ఆ సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలలో అదే ప్రత్యర్థి ఇరువది వేలకు పైబడిన ఆధిక్యంతో గెలిచెను.

కావున స్వల్ప ఆధిక్యం తప్పు కాదు. సందేహం తీర్చలేకపోవుటయే తప్పు. ఓడినవాడును అంగీకరింపదగిన లెక్క కావలెనన్నచో, లెక్కింపు బల్ల వద్ద ఏజెంటు మెలకువ, అధికారి వ్రాసిన కారణం, భద్రపరచిన తాళంచెవి – ఈ మూడును అవసరమే. రేపు ఓటర్లుగా, ఏజెంట్లుగా, అధికారులుగా ఆ బల్ల చుట్టు నిలువబోవు విద్యార్థులు ఈ నియమములను ముందుగానే తెలిసికొనుట మేలు.