మాన్పించడమంటే ఒక్కసారిగా ఆపించడం కాదు

2025 మార్చి 21న రాష్ట్రమంతటా మందుల షాపుల మీద ఏకకాలంలో తనిఖీలు జరిగాయి. ‘ఆపరేషన్ గరుడ’ అని దానికి పేరు పెట్టారు. డాక్టర్ చీటీ లేకుండా ట్రమడాల్, ఆల్ప్రజోలం లాంటి మాత్రలు అమ్మే షాపులను పట్టుకోవడం దాని ఉద్దేశం. అమ్మేవాళ్లను కట్టడి చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ వార్తల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకడున్నాడు. నిన్నటిదాకా రోజూ గుప్పెడు బిళ్లలు మింగిన ఆ మనిషి, షాపు మూతపడిన మర్నాడు ఏం చేయాలి?

‘మానేయాలి, అంతే’ అని చాలామంది అంటారు. వైద్యశాస్త్రం అలా అనదు. ఈ రెండు మాటల మధ్య తేడాను కార్యకర్తలు, విద్యార్థులు తెలుసుకోవాలి. వాడలో ఒక కుర్రాడు వణుకుతూ మూలన పడుకున్నప్పుడు ముందుగా కబురొచ్చేది వాళ్లకే.

నొప్పి దగ్గర మొదలు

పల్నాడులో ఒళ్లు అరగదీసే పనులకు కొదవలేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంట్, రాతి పనులు, ఊరూరా మిరపకోతలు, పత్తి తీతలు. ఈ పనుల్లో నడుం వంచే చేతులు ఎక్కువగా ఎవరివో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు. నడుం నొప్పి ఉందని సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. నొప్పికి బిళ్ల వేసుకుంటే కూలి దక్కుతుంది. బిళ్ల ఇచ్చే చోటు వీధి చివరే ఉంటుంది. నొప్పి ఎందుకొస్తుందో చూసే డాక్టర్ మాత్రం పట్నంలో ఉంటాడు.

ట్రమడాల్ మామూలు నొప్పి మాత్ర కాదు. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్ ఏ కుటుంబానివో అదీ ఆ కుటుంబానిదే. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చింది. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఏదో ఒక రకం ఓపియాయిడ్ వాడుతున్నారు. వాడకం వల్ల ఇబ్బంది పడుతున్నవారిలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారని కూడా ఆ నివేదిక చెప్పింది. ఆ జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మెదడులో, వెన్నుపాములో, పేగుల్లో ఓపియాయిడ్లు అతుక్కునే గ్రాహకాలు ఉంటాయి. మందు రోజూ వస్తుంటే శరీరం దానికి అలవాటు పడి సర్దుకుంటుంది. అప్పుడు అదే నొప్పికి రెండు బిళ్లలు కావాలి, తర్వాత నాలుగు కావాలి. మందు ఒక్కసారిగా ఆగితే, ఇన్నాళ్లూ అణిగి ఉన్నదంతా తిరగబడుతుంది. ఆవలింతలు, కళ్లూ ముక్కూ కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఎముకల్లో పోటు, కడుపులో మెలి, విరేచనాలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. వీటినే విత్‌డ్రాయల్ లక్షణాలంటారు. ట్రమడాల్ వాడినవారిలో కొందరికి విపరీతమైన ఆందోళన, భ్రమలు కూడా వస్తాయి. ఎక్కువ మోతాదులో వాడేవారికి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. గర్భిణి ఒక్కసారిగా ఆపేస్తే కడుపులో బిడ్డకు ముప్పు.

ఇందులో మనసు గట్టిదా, మెత్తదా అన్న ప్రశ్న లేదు. షుగర్ ఉన్న మనిషికి ఇన్సులిన్ ఆపేసి ‘ఓర్చుకో’ అని ఎవరూ అనరు.

ఒక్కసారిగా సరఫరా ఆగితే ఏమవుతుందో తెలుగు నేల ఇదివరకే చూసింది. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. అవి ఓపియాయిడ్లు కావు, నిద్రమాత్రల జాతివి. దాడుల తర్వాత నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆస్పత్రులు వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో వచ్చినవారితో నిండిపోయాయి. వాళ్లలో ఎక్కువమంది కష్టజీవులు. తాము తాగుతున్న దానిలో ఏముందో కూడా చాలామందికి తెలియదు. అలాంటి కేసుల్లో డాక్టర్లు చేసేది ఒకటే. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందును అదుపులో ఇచ్చి, మోతాదును మెల్లమెల్లగా దించుతారు. ఓపియాయిడ్లకూ సూత్రం ఇదే, మందు మాత్రం వేరు.

నిదానంగా దించే మందు

ట్రమడాల్ మోతాదు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అందుకే పొద్దున వేసుకున్నది సాయంత్రానికి దిగిపోయి, మళ్లీ కావాలని ఒళ్లు పీకుతుంది. రోజంతా ఈ ఎక్కుడు దిగుడుతోనే సరిపోతుంది.

బ్యుప్రెనార్ఫిన్ అనే మందు అలా కాదు. నాలుక కింద పెట్టుకుంటే కరిగే ఈ మాత్ర ఒంట్లో సగం తగ్గడానికి 24 గంటలకు పైనే పడుతుంది. అందువల్ల చాలామందికి రోజుకు ఒక్కసారి సరిపోతుంది. అది గ్రాహకాలకు గట్టిగా అతుక్కుంటుంది, కానీ వాటిని పాక్షికంగానే పని చేయిస్తుంది. కాబట్టి విత్‌డ్రాయల్ బాధ తగ్గుతుంది, తహతహ తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలుగుతాడు. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద ప్రభావం అంతగా పెరగదు. మెథడోన్ అనే మరో దీర్ఘకాలిక మందు కూడా ఉంది. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

బ్యుప్రెనార్ఫిన్ సొంతంగా కొని వేసుకునే మందు కాదు. ఒంట్లో ఇంకా ట్రమడాల్ గానీ హెరాయిన్ గానీ ఉండగా దీన్ని వేస్తే, పాత మందును గ్రాహకాల నుంచి నెట్టేసి విత్‌డ్రాయల్‌ను ఒక్క దెబ్బన తెచ్చిపెడుతుంది. అందుకే లక్షణాలు మొదలయ్యాక, డాక్టర్ చూసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. దీన్ని ఇంజక్షన్‌గా దుర్వినియోగం చేయకుండా నాలోక్సోన్ అనే మందు కలిపిన మాత్ర కూడా ఇస్తారు. కుదుటపడ్డాక ఎప్పుడు తగ్గించాలి, ఎంత తగ్గించాలి అన్నది రోగితో మాట్లాడి నిర్ణయిస్తారు.

ఎన్నాళ్లు?

ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే. ‘పది రోజుల్లో మాన్పిస్తాం’ అనే బోర్డులు ఆకర్షించేదీ ఇందుకే. స్వీడన్‌లో 40 మంది హెరాయిన్ బాధితులతో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. 20 మందికి ఏడాది పాటు బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చారు. మిగతా 20 మందికి ఆరు రోజుల్లో తగ్గించి ఆపేశారు. కౌన్సెలింగ్ అందరికీ ఒకేలా ఇచ్చారు. ఏడాది తర్వాత మొదటి గుంపులో 75 శాతం మంది చికిత్సలో ఉన్నారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు.

కౌన్సెలింగ్ అవసరమే. అయితే మందు లేకుండా, తొందరపడి ఆపేస్తే కౌన్సెలింగ్ ఒక్కటే మనిషిని నిలబెట్టలేదు. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు. మందు వేసుకుంటూ పనికెళ్లి, ఇల్లు నడుపుకునే మనిషిని ‘ఇంకా మానలేదు’ అని ఎత్తిపొడవకూడదు. అతను చికిత్సలో ఉన్న రోగి.

డాక్టర్ రాసిచ్చిన నొప్పి మందుకే అలవాటు పడ్డవారిది ఇంకో దారి. ఏడాదికి పైగా వాడినవారికి నెలకు పది శాతం లేదా అంతకన్నా నిదానంగా తగ్గించడం మేలని అమెరికా సీడీసీ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మోతాదు తగ్గిస్తే సరిపోదు, అసలు నొప్పికీ వైద్యం జరగాలి. లేకపోతే ఆ నడుమే మళ్లీ బిళ్ల దగ్గరికి నడిపిస్తుంది.

మానిన తర్వాతి ప్రమాదం

ఓపియాయిడ్ల విషయంలో ప్రాణం పోయేది ఎక్కువగా వాడుతున్న రోజుల్లోనే అనుకుంటాం. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టిన రోజు అంతకన్నా ప్రమాదం. జైల్లోనో, గదిలో పెట్టి తాళం వేసే కేంద్రంలోనో నెల రోజులు ఉండి వచ్చిన మనిషికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది. పాత లెక్కనే వేసుకుంటే ఊపిరి ఆగుతుంది. మద్యంతోనో, ఆల్ప్రజోలంతోనో కలిస్తే ముప్పు మరింత ఎక్కువ. పిలిస్తే పలకకపోవడం, ఊపిరి మందగించడం, పెదాలు నీలిరంగుకు తిరగడం, కంటిపాప సూదిమొనంత కావడం గుర్తులు. అప్పుడు మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

పోలీసుల భయంతోనే చాలామంది ఆస్పత్రి గడప తొక్కరు. ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడకం కూడా నేరమే. మందు రకాన్ని బట్టి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు లేదా ఏడాది. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసు పడ్డ బాధితుడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో గానీ చికిత్సకు చేరితే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మధ్యలో మానకుండా చూసుకోవడం ముఖ్యం.

రెండోది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. కులం, వర్గం, మతం పేరుతో వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కును 18వ సెక్షన్ ఇచ్చింది. దారిద్ర్యరేఖ కింద ఉన్నవారికి ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. గొలుసులతో కట్టేయడం, బలవంతంగా గుండు గీయడం, వెట్టి చేయించుకోవడం ఈ చట్టం ప్రకారం నిషేధం. ‘డీ-అడిక్షన్ సెంటర్’ బోర్డు పెట్టి కొట్టే చోటు ఏదైనా ఉంటే, దాన్ని ప్రశ్నించడానికి ఆధారం ఇదే.

మూడోది 1987 న్యాయ సేవల అథారిటీల చట్టం. 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఫోన్ నంబరు 15100.

మనం చేయాల్సిన పని

2022 ఏప్రిల్ 4న పల్నాడు విడి జిల్లా అయింది, గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రి గుంటూరులోనే ఉంది. నరసరావుపేట నుంచి అక్కడికి దాదాపు 45 కిలోమీటర్లు. మాచర్ల నుంచైతే వంద దాటుతుంది. రోజువారీ మందు కోసం మాచర్ల కూలీ గుంటూరు వెళ్లి రావాలంటే రెండు దారులే ఉంటాయి, కూలి వదులుకోవడం లేదా మందు వదులుకోవడం. కాబట్టి నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెలలో నిర్ణీత రోజుల్లో మానసిక వైద్యుడు ఉండాలని, ఈ మందులు అక్కడే ఉచితంగా దొరకాలని అడగాలి. తనిఖీలకు ఖర్చు పెట్టే ప్రభుత్వం చికిత్సకు ఏం ఏర్పాటు చేసిందో సమాచార హక్కు కింద అడగడం విద్యార్థులు చేయగలిగిన పని.

వాడలో ఎవరికైనా అవసరం పడితే, ముందు ఆపమనకండి, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏ మాత్ర, రోజుకు ఎన్ని, ఎన్నాళ్లుగా అన్నది కాగితం మీద రాసి, ఖాళీ అట్ట కూడా వెంట తీసుకెళ్లండి. మత్తు సమస్యలకు జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416. అతని పేరు సంఘం మీటింగుల్లో చెప్పకండి, ఫొటోలు తీయకండి. మొదటి వారం పనికి పోలేని ఇంటికి బియ్యం సర్దడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం కూడా చికిత్సలో భాగమే.

షాపుకు తాళం వేయడం ఒక్క రోజు పని. ఒళ్లు అరగదీసుకున్న మనిషి మెల్లగా కోలుకోవడానికి నెలలు కావాలి. ఆ నెలల బాధ్యత ఎవరిదని ప్రభుత్వాన్ని అడగాల్సింది మనమే.